పంచాంగం, స్కాన్ రిపోర్టు

చెన్నైలో పురుళ్లు పోసే డాక్టరుకు రాహుకాలం తెలియకపోతే పని జరగదు. సోమవారం పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా ఆపరేషన్ థియేటర్ ఖాళీగా ఉన్నా రమ్మంటే ఎవరూ రారు. తమిళ కుటుంబాల్లో చాలామంది చిత్తిరై నెలలో బిడ్డ పుట్టకూడదంటారు. నెల్లూరు, సూళ్లూరుపేటల నుంచి రైలెక్కి వచ్చే మనవాళ్లు మూల, ఆశ్లేష, జ్యేష్ఠ అని నక్షత్రాల పేర్లు చెప్పి, 'ఆ రోజులు మాత్రం వద్దు డాక్టరమ్మా' అంటారు. నేనూ దీపం పెట్టుకుని ఇంట్లోంచి బయల్దేరేదాన్నే. థియేటర్లోకి అడుగుపెట్టే ముందు గోడ మీది వినాయకుడికి దణ్ణం పెట్టుకుంటాను. కాబట్టి ఇది నమ్మకం లేని మనిషి దెప్పిపొడుపు అనుకోకండి.

డాక్టరు దగ్గర నమ్మకానికి ఎంత చోటు ఇవ్వాలో నాకు నేర్పింది, నేను మొదట్లో పనిచేసిన చోట ఉన్న పెద్ద డాక్టరమ్మ. ఒకసారి ఒక తొలిచూలు అమ్మాయిని తీసుకుని ఇంటిల్లిపాదీ వచ్చారు. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది, సిజేరియన్ తప్పదు. సిద్ధాంతి గారు రాసిచ్చిన కాగితానికి నాలుగు మూలలా పసుపు. అందులో ఉన్న తేదీకి ముప్పై ఏడో వారం, టైము తెల్లవారుజాము మూడు. అప్పుడే చదువు ముగించిన మేం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకున్నాం. ఆవిడ నవ్వలేదు. సిద్ధాంతి గారి నంబరు తీసుకుని అక్కడే ఫోన్ చేశారు. "అయ్యగారూ, ఇప్పుడు తీస్తే బిడ్డకి ఊపిరి ఇబ్బంది కావచ్చు. ముప్పై తొమ్మిది వారాలు నిండాక, పగటిపూట ఏదైనా మంచి ఘడియ ఉంటే చూడండి" అన్నారు. ఆయన ఫోన్ పెట్టకుండానే రెండు చెప్పారు.

ఆపరేషన్ రోజు వెన్నులో మత్తు సూది పడ్డాక, బయట ఉన్న మేనమామ నర్సు చేత కబురు పంపాడు: ఇంకా ఆరు నిమిషాలు ఆగాలట. ఆవిడ తలెత్తకుండానే, "ఆగేది లేదని చెప్పు" అని పని కానిచ్చారు. ఆ సూది పడితే తల్లి బీపీ పడిపోవచ్చు, పడితే బిడ్డకి అందే రక్తం తగ్గుతుంది. అక్కడ కత్తి పట్టుకుని గడియారం చూస్తూ నిలబడటం వైద్యం కాదు. ఆడపిల్ల పుట్టింది, గట్టిగా ఏడ్చింది. ముహూర్తం మొదలవడానికి కాస్త ముందే. అమ్మమ్మ దగ్గరికొచ్చి, ఆ నాలుగైదు నిమిషాలు రికార్డులో సర్దమని బతిమాలింది. "పెద్దమ్మా, నేను దొంగ టైము రాస్తే రేపు పిల్ల జాతకమే దొంగదవుతుంది కదా" అన్నారు డాక్టరమ్మ. ఆ మాటకి ముసలావిడ దగ్గర జవాబు లేదు. అసలు టైమే రాసుకుని వెళ్లారు.

జనం కోసం ఆసుపత్రి వంగడం మద్రాసుకి కొత్తేమీ కాదు. మగ డాక్టరు చెయ్యి పడకూడదని ఘోషా (పరదా) స్త్రీలు, అగ్రకులాల ఆడవాళ్లు ఇంట్లోనే ప్రాణాలు పోగొట్టుకుంటున్న రోజుల్లో, మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకున్న మేరీ షార్లీబ్ పూనుకుంటే 1885లో వారికోసమే ఒక ఆసుపత్రి వెలిసింది. ట్రిప్లికేన్‌లో ఇవాళ కస్తూర్బా గాంధీ ఆసుపత్రి అంటున్నది అదే. పెద్దవాళ్లు ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే అంటారు. కులాన్ని బట్టి ఆసుపత్రి వేరుచేయడం నాకు నచ్చదు. కానీ తెర కట్టినంత మాత్రాన వైద్యం మారలేదు. ఆ తెర ఉండబట్టే ఎందరో లోపలికి రాగలిగారు. గోడలు, తెరలు, తేదీలు ఎంతైనా సర్దుకోవచ్చు. నెలలు నిండని బిడ్డని బయటికి తీయడం ఆ సర్దుబాట్లలోకి రాదు.

ముహూర్తాలు పెట్టేవాళ్లని తిట్టడం తేలిక. తప్పు వాళ్లదేనా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. తమిళనాడులో 44.9, ఆంధ్రలో 42.4, దేశం మొత్తం మీద 21.5. తెలంగాణలోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతమైతే, ప్రైవేటులో 81.5. గ్రహాలు సర్కారు దవాఖానాకి ఒక రకంగా, ప్రైవేటుకి ఇంకో రకంగా తిరగవు కదా! కోతలు పది శాతం దాటాక వాటివల్ల తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. నొప్పుల కోసం రాత్రంతా కాచుకుని కూర్చోవడం కన్నా ముందే అనుకున్న గంటకి ఆపరేషన్ ముగించడం మాకు సుఖం, బిల్లూ పెద్దది. 'వాళ్లే ముహూర్తం అడిగారండీ' అనే మాట మా అవసరానికి భలే ముసుగవుతుంది. రోగి భక్తిని గౌరవిస్తున్నామని చెప్పుకునే చోట చాలాసార్లు గౌరవం దక్కేది మా డైరీకి.

డాక్టరు సొంత నమ్మకం సంగతి వేరు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నైతిక నియమాలు దీన్ని సూటిగానే తేల్చాయి: వైద్యపరంగా అవసరమైనప్పుడు గర్భస్రావం గానీ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గానీ మతం కారణంగా మాత్రమే చేయననడం తప్పు. నా పూజ నన్ను పొద్దున్నే లేపి ఆసుపత్రికి పంపాలి, అంతవరకే. నా ఎదుట కూర్చున్న అమ్మాయికి ఏ వైద్యం అందాలో అది నిర్ణయించకూడదు. ఇది నాకు మా పెద్ద డాక్టరమ్మని చూశాకే బోధపడింది. ఆవిడ బల్ల మీద షిర్డీ బాబా ఫొటో ఉండేది. అది ఆవిడ కూర్చునే వైపుకి తిరిగి ఉండేది.

ఇప్పుడు నా దగ్గరికొచ్చే ఇంటి పెద్దలకి ముందే ఒక మాట చెబుతాను. ఆపరేషన్ అవసరమని తేలాక ముహూర్తం చూసుకోండి, ముహూర్తం కుదిరిందని ఆపరేషన్ అడక్కండి. డాక్టరే తొందరపెడితే, ఈ కోత ఎందుకో కాగితం మీద రాసిమ్మనండి. సిద్ధాంతి గారి దగ్గరికి వెళ్లేటప్పుడు తల్లి జాతకంతో పాటు స్కాన్ రిపోర్టు కూడా తీసుకెళ్లండి, ఎన్ని వారాలు నిండాయో ఆయనకీ తెలియాలి.