మల్లయ్య కొండ మీద మూగ సినిమా

'పుష్పక విమానం' (1987)లో ఒక్క మాటా మాట్లాడకుండా మనసు దోచిన అమల గుర్తుందిగా? 'శివ' (1989) నాయిక! 1992లో హైదరాబాదులో బ్లూక్రాస్ స్థాపించి, మూగజీవాల తరపున గొంతెత్తిందీ ఆవిడే. అక్కణ్ణించి తెచ్చుకున్న బుజ్జి కుక్కతో తంబళ్లపల్లె బయల్దేరాను.

మూరెడు ఒళ్లు, బారెడు పొగరు! పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉంటుంది. "చిట్టీ" అంటే ఆ చెవి కదిలిస్తుంది... అంతే. రాదు.

మదనపల్లె దాటాక టమాటా తోటలు, చింతచెట్లు, గుండ్రాళ్ల గుట్టలు. శివరాత్రికి మల్లయ్య కొండ తిరునాళ్లతో కిటకిటలాడుతుంది. మేం వెళ్లిననాడు పూలమ్మే అవ్వ ఒక్కతే ఉంది. మల్లికార్జునుడి గుడి ముందు చెప్పులు విప్పుతుంటే చేతిలో తాడు జారింది. చిట్టి మాయం!

పిలిచాను. అరిచాను. బిస్కెట్టు చూపించాను. నా దగ్గరికొచ్చి నాలుగు రోజులే, దానికి నా గొంతు ఏం గుర్తుంటుంది? చుట్టూ అడవి. పొద్దు వాలుతోంది.

అవ్వ నవ్వింది. "అట్ల అరిస్తే యాడొస్తాది నాయినా? గమ్మునుండు. అది బైరవసామి వాహనం. నీ మాటినాల్నా?"

నోరు మూసుకుని బండ మీద కూర్చున్నాను. అరగంట... నా జన్మలో అంత పొడుగు ఇంటర్వెల్ లేదు! మసక పడుతుండగా పొదల వెనక తోక కనిపించింది. దగ్గరికి రాలేదు సరికదా, నాకు వీపు పెట్టి కూర్చుంది.

నేను లేచి నడిస్తే తనే ముందు నడిచింది. తాడు పట్టుకోలేదు. జీపు తలుపు తీశాక, దర్జాగా నా సీట్లోకే ఎక్కింది.