ఏడు రోజుల కోట

పిల్లలూ,

మన సాల్ట్ లేక్‌లో ఎవరికైనా దారి చెప్పాలంటే నీళ్ళ ట్యాంకు నంబరు చెప్పాలి. "ఆ ట్యాంకు దాటి, ఐలాండ్ దగ్గర ఎడమ వైపు తిరగండి" అంటారు. కొత్తగా వచ్చినప్పుడు ఊరి నడుమ ద్వీపాలేమిటా అని వెతుక్కున్నాను. కూడలిలోని గుండ్రటి దిమ్మెనే ఇక్కడ ఐలాండ్ అంటారని తర్వాత తెలిసింది. ఇంకో సంగతి కూడా తెలిసింది. ఈ ఊరున్న చోట ఒకప్పుడు ఉప్పునీటి చిత్తడి నేలలు ఉండేవి. 1962లో పని మొదలుపెట్టి, హుగ్లీ నది ఒండ్రుమట్టిని గొట్టాల ద్వారా తెచ్చి వాటిని పూడ్చారు. పటం గీసిన డోబ్రివోయే తోష్కోవిచ్‌ది యుగోస్లావియా. మనమే కాదు, మన కాళ్ళ కింది మట్టి కూడా బదిలీ మీద వచ్చిందే!

నాకు ఇది ఆరో పోస్టింగు. కొత్త పిల్లలు క్లాసులోకి వచ్చినప్పుడల్లా నేను ఒకే మాట చెప్పేదాన్ని. "రెండు మూడేళ్ళేగా, సర్దుకుపోండి. ఎవరితోనూ గొడవ వద్దు, మరీ అతుక్కుపోవడమూ వద్దు. వెళ్ళేటప్పుడు ఏడవాల్సి వస్తుంది." అది మంచి సలహా అనే అనుకున్నాను. నా ఇంట్లో నాలుగు పోస్టింగుల నుంచి విప్పని అట్టపెట్టె ఒకటి ఉంది. ఎలాగూ మళ్ళీ కట్టాలి కదా అని దాని తాడు ముడి కూడా విప్పలేదు.

కిందటి మే నెలలో జరిగిన ఒక సంగతి ఆ సలహాను మార్చింది.

మా క్వార్టర్స్‌కు దగ్గర్లోని ఒక చర్చి ఆవరణలో అబ్బాయిలకు ఏడు రోజుల వేసవి క్యాంపు పెట్టారు. డాన్ బోస్కో బాటలో నడిచే యువ బ్రదర్లు దాన్ని నడిపారు. విశాఖపట్నం నుంచి ఏప్రిల్‌లో వచ్చిన ఆరో తరగతి కుర్రాడొకడు మా పై అంతస్తులో ఉంటాడు. బాంగ్లా రాదు, హిందీ తడబడుతుంది. సెలవుల్లో రోజంతా కిటికీ దగ్గరే కూర్చుంటున్నాడని వాళ్ళమ్మ దిగులు. "మేడం గారూ, మీరు కాస్త తోడు వెళితే వీణ్ణి పంపిస్తాను" అంది. గాజువాక నుంచి నాయనమ్మ మాత్రం, "చర్చిలో క్యాంపేమిటే?" అని ఫోనులో అడిగింది. మొదటిరోజు వెళ్ళి చూశాను. పొద్దున్నే ఒక ప్రార్థన ఉంది. ఇష్టమైనవాళ్ళు చేశారు, మిగిలినవాళ్ళు ఊరికే నిలబడ్డారు. అన్ని మతాల పిల్లలూ ఉన్నారు. అదే నాయనమ్మకు చెప్పాం. ఆవిడ "సరే, ఎండలో తిరగనివ్వకండి" అంది.

క్యాంపంతా ఒకే కథ. అట్టలతో, పాత చీరలతో ఒక కోట కట్టారు. అందులోని మాంత్రికుడు పిల్లలందర్నీ మృగాలుగా మార్చేశాడు. వాడి ప్రాణం ఎక్కడ దాగి ఉందో కనిపెడితే శాపం పోతుంది. మేకలు, కుక్కలు, పిల్లులు, ఎలుగుబంట్లు అని నాలుగు జట్లు. మొదటి రెండు రోజులు అందరూ మృగాలే కాబట్టి ఎవరూ మాట్లాడకూడదు, సైగలే చేయాలి. ఒక బుడ్డోడు చేయెత్తి, "మృగాలు నవ్వొచ్చా?" అని అడిగాడు. బ్రదర్లు కాసేపు గుసగుసలాడుకుని, నవ్వొచ్చని తీర్పు చెప్పారు.

ఆ రెండు రోజులూ మావాడు పులకరించిపోయాడు. ఎలుగుబంటి ముసుగేసుకుని సైగలతోనే జట్టంతటినీ నడిపించాడు. ఎవరికీ మాట లేనప్పుడు భాష రానివాడంటూ ఉండడు కదా!

మూడోరోజు మాటలు తిరిగి వచ్చాయి. ప్రాణం ఎక్కడుందో చెప్పమన్నారు. బెంగాలీ పిల్లలంతా చెరువు అడుగున పెట్టెలో, ఆ పెట్టెలోని భ్రమరంలో ఉంటుందన్నారు. వాళ్ళ అమ్మమ్మల కథల్లో రాక్షసుల ప్రాణం ఉండేది అక్కడే. మావాడు మెల్లగా, "చిలుకలో" అన్నాడు. బాలనాగమ్మ కథ విన్నవాళ్ళం మనం ఇంకేమంటాం? దూరం చెప్పడంలోనూ తేడానే. మన రాకుమారులు ఏడు సముద్రాలు దాటితే, వాళ్ళ రాకుమారులు వాటితోపాటు పదమూడు నదులు కూడా దాటుతారు. పిల్లల జట్టులోని ఒకడు మావాడి హిందీని వెక్కిరిస్తూ "చిలుకలో, చిలుకలో" అని సాగదీశాడు. అందరూ నవ్వారు. మావాడు వాణ్ణి కొట్టాడు. పెదవి చిట్లింది.

నేను పరుగెత్తాను. సిగ్గుతో, కోపంతో వాణ్ణి పక్కకు లాగి, "ఏడు రోజులు సర్దుకోలేవా?" అని గద్దించాను. వాడు తల దించుకుని అన్నాడు. "వెళ్ళిపోతాం కదా మేడం. మీరే అన్నారుగా అతుక్కుపోవద్దని. వీళ్ళు ఏమనుకుంటే నాకేం?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

వాణ్ణి ఇంటికి పంపించేస్తారేమోనని భయపడ్డాను. కానీ రాంచీ వైపు నుంచి వచ్చిన ఒక బ్రదర్ దెబ్బ తిన్నవాడికి మంచుముక్క పెట్టి, ఇద్దర్నీ మెట్ల మీద తన చెరోపక్కన కూర్చోబెట్టుకుని ఒక నిజమైన కథ చెప్పాడు. బడికి వచ్చాక నేను పుస్తకాల్లో చదివింది కూడా కలిపి ఆ కథ మీకు చెబుతాను.

ఇటలీ ఉత్తరాన ఒక పల్లెలో 1815లో జొవాన్ని బోస్కో పుట్టాడు. రెండేళ్ళు నిండకముందే తండ్రి పోయాడు. ('డాన్' అంటే అక్కడ క్రైస్తవ గురువుల పేరుకు ముందు పెట్టే గౌరవ పదం. సినిమా డాన్ కాదు!) తొమ్మిదేళ్ళప్పుడు అతనికొక కల వచ్చింది. ఇంటి ముందు బోలెడుమంది పిల్లలు ఆడుతూ బూతులు తిడుతున్నారు. ఇతను పిడికిళ్ళు బిగించి వాళ్ళ మీదికి దూకాడు. అప్పుడొక మహానుభావుడు కనబడి, దెబ్బలతో కాదు, మృదువుగా గెలుచుకోమన్నాడు. చూస్తుండగానే పిల్లలు మాయమై మేకలు, కుక్కలు, పిల్లులు, ఎలుగుబంట్లు కనిపించాయి. మరికాసేపటికి అవన్నీ గొర్రెపిల్లలయ్యాయి. పొద్దున ఇంట్లో చెబితే ఒక అన్న గొర్రెలకాపరివి అవుతావన్నాడు. ఇంకో అన్న దొంగల నాయకుడివి అవుతావన్నాడు. అమ్మ, గురువువి అవుతావేమో అంది. నాయనమ్మ, కలల్ని పట్టించుకోకూడదంది. క్యాంపులోని ఆ మృగాలు ఎక్కడివో నాకు అప్పుడు అర్థమైంది.

అమ్మ మాటే నిజమైంది. చిన్నప్పుడు గారడీలు, తాడు మీద నడక నేర్చుకుని ఊరి పిల్లల్ని పోగేసిన ఆ కుర్రాడు 1841లో గురువయ్యాడు. ట్యూరిన్ నగరంలో పనికోసం పల్లెలు వదిలి వచ్చిన కుర్రాళ్ళను ఆదివారాలు చేరదీసి చదువు, ఆట, పాట, ప్రార్థన మొదలుపెట్టాడు. వందలమంది పిల్లల కేకలు ఎవరు భరిస్తారు? ఒక చోట నుంచి ఇంకో చోటికి తరిమారు. శ్మశానం పక్కన, పిండిమరల దగ్గర కొన్నాళ్ళు, అద్దె గదుల్లో కొన్నాళ్ళు. చివరికి ఒక బీడులో చేరితే, పిల్లలు గడ్డిని వేళ్ళదాకా తొక్కేస్తున్నారని ఆ యజమానులూ పొమ్మన్నారు. 1846 ఏప్రిల్ 12న, ఈస్టర్ నాడు, ఒక పాత షెడ్డు దొరికింది. కప్పు మరీ కిందికి ఉంటే నేలను తవ్వి నిలబడే ఎత్తు చేసుకున్నారు.

పిండిమరల దగ్గరికి మకాం మార్చిన రోజు పిల్లలే బెంచీలు, కుర్చీలు, కొవ్వొత్తి స్తంభాలు మోసుకుంటూ నడిచారట. అక్కడ ఇంకొక గురువు వాళ్ళకు క్యాబేజీల గురించి ప్రసంగం చేశాడు. మొక్కను ఒక చోటి నుంచి తీసి ఇంకో చోట నాటితేనే క్యాబేజీ పెద్ద గడ్డ కడుతుందని ఆయన చెప్పింది. మనకైతే వరి నారు గుర్తొస్తుంది. నారుమడిలోనే ఉంచేస్తే వెన్ను సరిగా రాదు. పీకి నాటాలి. కానీ పిల్లలూ, ఎలాగూ పీకేస్తారని వేరే దించని నారు మాత్రం ఎక్కడా బతకదు. నేను మీకు ఇన్నేళ్ళూ వేరు దించవద్దనే చెప్పాను.

కథయ్యాక బ్రదర్ ఎవర్నీ క్షమాపణ అడగమనలేదు. మర్నాడు ప్రాణం వెతికే ఆటలో ఆ ఇద్దర్నీ ఒక జట్టుగా వేశాడు. వాళ్ళకిచ్చిన చీటీలో సగం బాంగ్లా, సగం బొమ్మలు. ఒకడు చదవాలి, ఒకడు బొమ్మల గుట్టు విప్పాలి. మధ్యలో కాల్‌బైశాఖి గాలివాన వచ్చి కోట సగం కూలింది. తడిసిన చీరలు పట్టుకుని అందరూ పరుగెత్తారు. ఆఖరికి ప్రాణం వేపచెట్టు కొమ్మకు కట్టిన డబ్బాలో దొరికింది. డబ్బాలో మట్టి చిలుక, చిలుక పొట్టలో కాగితపు భ్రమరం. ముందు రోజు రాత్రి బ్రదర్లు కథను మార్చి, రెండు కథలనూ ఒకదాంట్లో ఒకటి పెట్టారన్నమాట. పెదవి చిట్లినవాడే "చిలుకలో!" అని గట్టిగా అరిచాడు. ఈసారి వెక్కిరింపు కాదు.

ఇది చదివే అమ్మాయిలు "మాకెందుకు లేదు?" అంటారని తెలుసు. నేనూ బ్రదర్‌ను అదే అడిగాను. డాన్ బోస్కో 1872లో మరియా మజ్జరెల్లోతో కలిసి ఆడపిల్లల కోసం ఒక సిస్టర్ల సభను స్థాపించారని చెప్పాడు. "మరి క్యాంపు?" అన్నాను. నవ్వి, సిస్టర్లతో మాట్లాడతానన్నాడు. మనం గుర్తు చేస్తూ ఉందాం.

మావాడికి ఇక్కడ రెండేళ్ళయినా పూర్తి కాలేదు. డిసెంబరులో వాళ్ళ నాన్నగారికి జబల్‌పూర్ ఆర్డరు వచ్చింది. టీసీ తీసుకున్న రోజు వాడు ఏడ్చాడు. పెదవి చిట్లినవాడూ ఏడ్చాడు. ఏడవకుండా వెళ్ళడమే తెలివి అనుకునేదాన్ని ఒకప్పుడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అట్టపెట్టె తాడు విప్పాను. పాత చందమామలు, ఒక గోడగడియారం, అమ్మ ఇచ్చిన కవ్వం ఉన్నాయి. గడియారానికి కొత్త సెల్లు వేసి గోడకు తగిలించాను.

కొత్తగా వచ్చే పిల్లలకు ఇప్పుడు నేను చెప్పేది వేరు. మొదటి వారంలో అక్కడి ఆట ఒకటి నేర్చుకోండి. మీ ఆట ఒకటి నేర్పండి. వెళ్ళేటప్పుడు ఏడుపు వస్తే రానివ్వండి.

కిందటి వారం జబల్‌పూర్ నుంచి ఫోను వచ్చింది. బాగున్నారా అని కూడా అడగలేదు. వెనకాల పిల్లల గోల వినిపిస్తోంది.

"మేడం, మృగాలు నవ్వొచ్చా? ఇక్కడ కూడదంటున్నారు."

"నవ్వొచ్చు, చెప్పు వాళ్ళకి" అన్నాను.