పాత ఫోను, మిరప ఆకు

అన్నలూ తమ్ముళ్లూ, ఫొటోలకి పెద్ద కెమెరా అక్కర్లేదండీ. నాది పాత ఫోనే. నాలుగేళ్లుగా మిరపచేలో తీస్తూ ఉంటే చేయి కుదిరింది. 2021లో గుంటూరు వైపు మిరపని ముంచిన నల్ల తామరపురుగు గుర్తుందిగా, పొడవు మిల్లీమీటరే. పువ్వుని తెల్లకాగితం మీద దులిపి, నీడలో, అర జానెడు దూరం నుంచి తీయండి. మరీ దగ్గరైతే మసక. జూమ్ వద్దు, తర్వాత కత్తిరించుకోవచ్చు. ముందు లెన్సు తుడవండి, మందు చేతులతో కాదు!

ఆకు ముడతని పైనుంచి తీస్తే తెలీదు, పక్కనుంచి తీయాలి. పైకి ముడిస్తే తామరపురుగు, కిందికైతే నల్లి. పోయినేడు అలా తీసి పంపితే మా వ్యవసాయాధికారి నల్లి కాదన్నారు. కొట్టో దాకా వెళ్లిన నేను నల్లి మందు కొనకుండానే తిరిగొచ్చా. ఇప్పుడు మా ఇంటామె కూడా తీస్తోంది, నాకన్నా నిలకడగా.