ఫోటోలో మోడం

1985 జూలైలో వెల్దుర్తి దగ్గర ఒక వేరుశనగ చేనును ఫోటో తీశాను. ఆగస్టులో ప్రింటు పట్టుకుని మళ్లీ పోయాను, రైతుకు చూపిద్దామని. ఆయన చేతులు పంచెకు తుడుచుకుని, అంచులు మాత్రమే పట్టుకుని చాలాసేపు చూశాడు. చూసింది చేనును కాదు, పైన ఆకాశాన్ని.

"ఇంత మోడం పట్టినాదే, మరి వాన యాడికి పాయ?" అన్నాడు.

కాసేపాగి, "చేనేమో చౌడు పట్టినట్లుంది" అని కూడా అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఆ రోజు మోడమే లేదు. నాలుగు దూదిపింజెల్లాంటి తెల్లమబ్బులు, మిగతాదంతా నీలాకాశం. నేల కుంకుమ ఆరబోసినంత ఎరుపు. నా ఫోటోలో ఆకాశం కాటుకలా ఉంది, నేల పాలిపోయి ఉంది. ఆ పని చేసింది లెన్సుకు తగిలించిన ఎర్ర ఫిల్టరు. తన రంగు వెలుగును లోపలికి రానిచ్చి, నీలాన్ని బయటే ఆపేయడం దాని గుణం. అందుకే ఎర్రనేల తెల్లబడుతుంది, నీలాకాశం నల్లబడుతుంది. నేను చూసి మురిసిపోయిన ఆకాశం ఆయనకు వాన లెక్క. ఆ లెక్క తప్పని నెల తర్వాత పైరు మొహం చూసినవాడికి ఒకరు చెప్పాలా!

ఫిల్టరు సంగతి నాకు నేర్పింది కర్నూలులో నేను పనిచేసిన స్టూడియో మాస్టరు. నెగటివు మీద పెన్సిలుతో టచింగ్ చేసి పెళ్లికూతురి మొహాన మచ్చలు మాయం చేసే మనిషి. కొండల ఫోటోలంటే ఆయనకు లెక్కలేదు, "కొండ డబ్బులిస్తుందా?" అనేవాడు. అయినా నా పిచ్చి చూసి ఒకరోజు డార్క్‌రూమ్ బయట కూర్చోబెట్టి ఒక ఎర్ర మిరపపండు, ఒక పచ్చిమిరపకాయ పక్కపక్కన పెట్టి తీయమన్నాడు. కడిగి చూస్తే రెండూ ఒకటే బూడిద. "నీ బ్లాక్ అండ్ వైట్‌కు కారం తెలీదు" అన్నాడు. తర్వాత ఒకసారి ఎర్ర ఫిల్టరుతో, ఒకసారి పచ్చ ఫిల్టరుతో తీయించాడు. మొదటిదాంట్లో పండు తెల్లబడింది, రెండోదాంట్లో కాయ తెల్లబడింది. ఎర్ర ఫిల్టరుకు మూడు స్టాపుల వెలుగు పోతుందని, ఎండలో 16 దగ్గర తీసేదాన్ని 5.6కు తెరవాలని అక్కడే నేర్చుకున్నాను. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ 1927లో హాఫ్ డోమ్ కొండను మొదట పసుపు ఫిల్టరుతో తీసి, చాల్లేదనిపించి ఎర్రదాంతో ఆకాశాన్ని నల్లబరిచాడని చాలా ఏళ్లకు చదివాను. ఆయన పక్కన వాన కోసం కాచుకున్న రైతు లేడు గనక సరిపోయింది.

వెల్దుర్తి అవమానం మానకముందే గండికోట పోయాను. జమ్మలమడుగు నుంచి కొండమీదికి చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది, అది మొదటి తప్పు. సంచిలో యాషికా, 120 ఫిలిం నాలుగు రోళ్లు. రోలుకు పన్నెండే బొమ్మలు కాబట్టి ప్రతి నొక్కుడూ జేబును తడిమినట్లే ఉండేది. మాధవరాయస్వామి గుడి, మసీదు దాటి, బండల మీద పాకినట్లు నడిచి లోయ అంచుకు చేరాను. కింద పెన్నా. రెండు పక్కలా పేర్చినట్లున్న ఎర్రబండలు, వాటి సందుల్లో పచ్చటి ముళ్లపొదలు. చూస్తే గుండె ఝల్లుమంది. ప్రింటు చూస్తే ఏమీ అనలేదు. లోయంతా సిమెంటు పూసినట్లు వచ్చింది. బండకూ పొదకూ తేడా లేదు, మాస్టరు మిరపకాయల కథే. మర్నాడు పొద్దున్నే, ఏటవాలు వెలుగులో మళ్లీ తీశాను. ఎర్ర ఫిల్టరుతో బండలు సున్నం కొట్టిన గోడల్లా, పొదలు బొగ్గుల్లా వచ్చాయి. పచ్చ ఫిల్టరుతో పొదలు తేలిపోయి బండలు నల్లబడ్డాయి. నీడలు బాగున్నాయి, గీతలు బాగున్నాయి, చూసినవాళ్లు మెచ్చుకున్నారు కూడా. నాకు మాత్రం మూడు ప్రింట్లు పక్కన పెట్టుకుంటే మూడు ఊర్లలా కనపడ్డాయి.

అప్పుడు తట్టింది పేర్ల సంగతి. గండికోట ఉన్నది ఎర్రమల కొండల్లో. అటు తూర్పున నల్లమల. కడప దిక్కు పోతే పాలకొండలు. మనవాళ్లు కొండలకు రంగులతో పేర్లు పెట్టుకుని పిలుస్తుంటే, పచ్చ ఫిల్టరుతో ఎర్రమలను నల్లమల చేసి, ఎర్ర ఫిల్టరుతో పాలకొండ చేసి వచ్చాను నేను.

కలర్‌కు మారితే బాధ తీరిపోతుందనుకున్నాను. 1992లో కలర్ నెగటివ్‌తో అదే లోయ తీసి ల్యాబులో ఇచ్చాను. ప్రింట్లలో బండలు మట్టిపట్టిన ఇటుకల్లా, ఏ కళా లేకుండా ఉన్నాయి. మిషను దగ్గరున్న కుర్రాడు, "రెడ్ మరీ ఎక్కువొచ్చింది సార్, తగ్గించినాను" అన్నాడు, మేలు చేసిన మొహంతో. వాడి తప్పేమీ లేదు. ఫోటోలో రంగులన్నీ కలిపితే సుమారుగా బూడిద రావాలని ఆ మిషను నమ్మకం. ఒక్క రంగే నిండిపోతే అది ఫిలిం దోషమనుకుని సరిచేస్తుంది. పెళ్లి ఫోటోలకు పనికొచ్చే నమ్మకమే. రాయలసీమ ఎర్రదనం మాత్రం దానికి జబ్బులా కనపడింది. మరోసారి పోయినప్పుడు గండికోట రాయి ఒకటి జేబులో వేసుకొచ్చి కౌంటరు మీద పెట్టాను. "ఈ రంగు రావాల, అంతే." నాలుగు కాగితాలు చెడగొట్టి ఐదోదాంట్లో తెప్పించాడు. ఆ ఐదింటికీ డబ్బులు నేనే కట్టాను. ఆ తర్వాత స్లైడు ఫిలిం కొని, మద్రాసుకు పంపి కడిగించుకున్నాను. దాంట్లో అర స్టాపు అటూ ఇటూ అయితే ఎరుపు మాడిపోయేది, లేదా వెలిసిపోయేది. అయినా ఎవరూ మధ్యలో వచ్చి నా నేలకు వైద్యం చేసేవాళ్లు కాదు.

ఇంతా చెప్పి కలరే గొప్పదంటే అబద్ధమవుతుంది. ఎర్రమలకూ నల్లమలకూ నడుమ కుందూ పారే పల్లం ఉంది. నంద్యాల, కోయిలకుంట్ల, ప్రొద్దుటూరు దిక్కు నల్లరేగడి. మే నెలలో కోయిలకుంట్ల చేలల్లో కాలు పట్టేంత బీటలు. ఆ నేలను కలర్‌లో ఎన్నిసార్లు తీసినా ఆకాశం నీలాన్ని పూసుకుని సిరా ఒలికినట్లు వచ్చేది. బ్లాక్ అండ్ వైట్‌లో తీస్తే బీట అంచు, గడ్డ గరుకుదనం, లోతు చేతికి తగిలేటట్లు వచ్చాయి. సాయంత్రం ఐదున్నర తర్వాత, ఫిల్టరు లేకుండా, హార్డ్ పేపరు మీద. నల్లరేగడి మీద నేను కలర్ ఫిలిం వృథా చేయడం అప్పటినుంచీ మానేశాను, శనగ పచ్చబడే చలికాలంలో తప్ప.

నాకు ఒళ్లు మండేది ఇంకో రకం బ్లాక్ అండ్ వైట్‌తో. కరువు రాగానే ఊరి బయటి వాళ్లు కెమెరాలతో దిగేవారు. రాయలసీమ అంటే రంగు ఉండకూడదన్నట్లు, ఎండిన చెట్టు, ముసలామె ముడతలు, నల్లటి ఆకాశం. ఆ ముసలామె కట్టుకున్నది పసుప్పచ్చ చీర అని నాకు తెలుసు, పక్కనే ఉన్నాను. రఘుబీర్ సింగ్ జీవితమంతా కలర్‌లోనే తీసి, మన దేశం చూపులో రంగు విడదీయరానిదని వాదించాడు. ఆయన మాట మొత్తం ఒప్పుకోను, నా నల్లరేగడి అడ్డమొస్తుంది. ఆ పసుపు చీర దగ్గర మాత్రం ఆయన పక్షమే.

2009 అక్టోబరు 2న తుంగభద్ర కర్నూలులోకి వచ్చింది. నీళ్లు తీశాక డిజిటల్ కెమెరాతో పాతబస్తీలో తిరిగాను. వీధి, మంచం, పుస్తకం, గిన్నె అన్నీ ఒకే బురద రంగు. కలర్‌లో తీస్తున్నా ఫోటో దానికదే బ్లాక్ అండ్ వైట్‌లా వస్తోంది. ఒక పత్రిక నుంచి ఫోన్ చేసి, బ్లాక్ అండ్ వైట్ చేసి పంపితే విషాదం పండుతుందన్నారు. చేసి చూశాను. ఒక ఇంటి నీలం గోడ మీద తలెత్తు కంటే పైన ఒక గీత ఉంది. గీతకు కింద బురద, పైన నీలం. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పే గీత అది. రంగు తీసేయగానే బురదా నీలమూ ఒకే బూడిదై గీత మాయమైంది. అంతెత్తు నీళ్లు ఆ ఇంట్లోకి రానే రానట్లయింది. కలర్‌లోనే పంపాను. వాళ్లు వేసుకోలేదు.

వెల్దుర్తి సంగతి సగంలో వదిలేశాను. వరదకు చాలా ముందు, 1993 జూలైలో, విత్తనం వేసే వాన పడిన రెండోనాడు అదే చేనును స్లైడు ఫిలిం మీద తీశాను. తడి ఎరుపు వేరు, ఆరిన ఎరుపు వేరు. చేనులో సగం మేర గొర్రు తిరిగింది, తిరిగిన చోట నేల ముదురుగా ఉంది. ప్రింటు వేయించి తీసుకుపోయాను. ఆయనకు అప్పటికి చూపు తగ్గింది. ఫోటోను ముక్కు దగ్గరికి తెచ్చుకుని, ఈసారి అంచులు వదిలేసి, బొటనవేలితో నేల మీద రాసి చూశాడు.

"పదునుంది" అన్నాడు.

నేను పొంగిపోయి కూర్చుంటే, ఇంట్లోకి పోయి మంచినీళ్లు తెచ్చిచ్చి, నెమ్మదిగా అడిగాడు.

"ఆ పాతది గూడా ఉంటే ఇయ్యి సారూ. దాంట్లో మోడం బాగుండె."