ఒట్టు వేయని మనిషి

మా నాన్నగారికి దేవుడి మీద నమ్మకం లేదు. ఆ సంగతి ఆయన దాచుకోనూ లేదు, చాటుకోనూ లేదు. నాకు పదకొండేళ్ళప్పుడు ఆరు సెంట్ల గట్టు విషయమై పక్క పొలం రైతుతో తగాదా వచ్చింది. పెద్దలు ఇద్దరినీ ఆంజనేయస్వామి గుడికి పిలిచి, దీపం ఆర్పి ప్రమాణం చేసినవారి మాటే చెల్లుతుందన్నారు. ఆ రైతు తడిబట్టలతో వచ్చి దీపం ఆర్పాడు. నాన్నగారు మాత్రం, “నేను నమ్మని స్వామి మీద ఒట్టు వేస్తే ఆ ఒట్టే అబద్ధమవుతుంది. నాకు తెలిసిన నిజం చెప్పాను, అంతే” అన్నారు.

“దేవుడంటే భయం లేనివాడి మాటకు పూచీ ఏమిటి మాస్టారూ?” అని ఒక పెద్దాయన అడిగాడు.

ఆరు సెంట్లూ పోయాయి.

చాలా ఏళ్ళ తరువాత అదే ప్రశ్న నాకు జాన్ లాక్ పుస్తకంలో ఎదురైంది. కళాశాలలో రాజనీతిశాస్త్రం చదివే రోజుల్లో లాక్ నాకు ఆరాధ్యుడు. ప్రభుత్వానికి అధికారం ప్రజల సమ్మతి నుండే వస్తుందని చెప్పినవాడు కదా! మతసహనం గురించి ఆయన రాసిన లేఖను మాత్రం ఎంతో ఆలస్యంగా చదివాను. 1683లో ఇంగ్లండు విడిచి హాలండు చేరిన లాక్, 1685లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మారుపేరుతో తలదాచుకుంటూ దాన్ని లాటిన్‌లో రాశాడు. ఆ అక్టోబరులోనే ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ నాంత్ శాసనాన్ని రద్దు చేసి, ప్రొటెస్టెంట్లకు నిలువనీడ లేకుండా చేశాడు. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి... వీటిని కాపాడటమే రాజ్యం పని, ఆత్మల సంగతి దానికి సంబంధించినది కాదు, బలవంతం కపటాన్ని పుట్టిస్తుందే గాని విశ్వాసాన్ని కాదు అంటాడు లాక్. చదువుతుంటే ఒళ్ళు పులకరించింది.

చివరికి వచ్చేసరికి ఒక మినహాయింపు! దేవుడు లేడనేవారిని సహించరాదట. మాట, ఒప్పందం, ప్రమాణం... సమాజాన్ని కట్టి ఉంచే ఈ ముడులు వారిని బంధించలేవట. పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. గుడి ముందు నిలబడ్డ నాన్నగారు కళ్ళలో మెదిలారు.

విచిత్రమేమిటంటే, ఆ ప్రశ్నకు జవాబు అదే హాలండులో అప్పటికే అచ్చయి ఉంది. రోటర్‌డామ్‌లో పాఠాలు చెప్పుకుంటున్న ఫ్రెంచి శరణార్థి పియేర్ బేల్, 1680 చివర కనిపించిన తోకచుక్కను సాకుగా తీసుకుని 1682లో ఒక గ్రంథం ప్రకటించాడు. తోకచుక్క దైవాగ్రహానికి గుర్తు కాదంటూ మొదలుపెట్టి, మనిషి నడవడి అతని మత సిద్ధాంతం నుండి రాదనే దాకా వెళ్ళాడు. స్వభావం, అలవాటు, నలుగురి మెప్పు మీది ఆశ, నింద అంటే భయం... మనిషిని నడిపేవి ఇవేనన్నాడు. అందుచేత నాస్తికుల సమాజమైనా నీతిగా నిలబడగలదన్నాడు. ఆ మాటలు సుఖంగా కూర్చుని అన్నవి కావు. బేల్ రచనల కారణంగా ఫ్రాన్సులో పట్టుబడ్డ అతని అన్న 1685 నవంబరులో బోర్డో చెరసాలలో ప్రాణం విడిచాడు. 1693లో బేల్ ఉద్యోగమూ పోయింది.

వీరిద్దరికన్నా ముందే, లాక్ పుట్టిన 1632లోనే పుట్టిన స్పినోజా మరో మాట చెప్పాడు. ఇరవై మూడేళ్ళకే యూదు సమాజం వెలివేసిన మనిషి ఆయన. 1670లో తన పేరు లేకుండా, అచ్చయిన ఊరి పేరు మార్చి ప్రకటించిన గ్రంథంలో ఆయన వాదన ఇది: చట్టం చేతలను కట్టడి చేయవచ్చు గాని ఆలోచనలను కాదు. అభిప్రాయాల మీద పెట్టే శిక్షలు దుర్మార్గులను తాకవు, నిజాయితీపరులనే తాకుతాయి. 1674లో ఆ పుస్తకాన్ని హాలండులో నిషేధించారు.

నాన్నగారి ఆరు సెంట్ల లెక్క నాకు అక్కడ తేలింది. నమ్మకం లేని మోసగాడికి దీపం ఆర్పడం ఎంతసేపు పని? ఆ పరీక్షలో ఓడిపోయేది అబద్ధమాడలేని అవిశ్వాసి ఒక్కడే. పక్క రైతు అబద్ధమాడాడని నేననను. ఆ జాగా తనదేనని ఆయన నిజంగానే నమ్మి ఉండవచ్చు. లాక్‌ను ద్వేషించనూ లేను. బలవంతం కపటాన్ని పుట్టిస్తుందన్న ఆయన మాటే ఆయన మినహాయింపును కొట్టివేస్తోంది కదా!

ఆ మినహాయింపు తొలగడానికి రెండు శతాబ్దాలు పట్టింది. 1880లో ఇంగ్లండు పార్లమెంటుకు ఎన్నికైన నాస్తికుడు చార్లెస్ బ్రాడ్‌లా, ఈ ప్రమాణం తగవు వల్లనే 1886 దాకా సభలో స్థానం పొందలేకపోయాడు. 1888లో గాని దేవుడి పేరు లేకుండా ప్రమాణం చేసే హక్కు అక్కడ అందరికీ రాలేదు. మన రాజ్యాంగం మొదటి నుండే రెండు దారులూ ఉంచింది. కొత్త మంత్రులలో ఒకరు “దైవసాక్షిగా” అనీ, మరొకరు “ఆత్మసాక్షిగా” అనీ పలికినప్పుడల్లా, ఆ రెండో మాట వెనుక ఎందరి వెలి, ఎందరి చెర ఉన్నాయో అనిపిస్తుంది.

చివరగా ఒక్క సంగతి. గుడి దగ్గర పూచీ అడిగిన ఆ పెద్దాయనే, మరుసటి ఏడు కూతురి పెళ్ళికి కూడబెట్టిన డబ్బు తెచ్చి నాన్నగారి దగ్గర దాచుకున్నాడు. కాగితం రాసుకోలేదు. ఒట్టు కూడా అడగలేదు.