ఆ పూలను ఇద్దరు చూశారు

వర్డ్స్‌వర్త్ ‘డాఫోడిల్స్’ పద్యాన్ని మనలో చాలామందిమి బట్టీ పట్టే ఉంటాం. నేనూ అంతే. కాలేజీలో మా ఇంగ్లిష్ సారు బోర్డు మీద రెండే ముక్కలు రాశారు: కవి ఒంటరి, ప్రకృతి తోడు. పరీక్షలో ఆ రెండు ముక్కల్నే పేజీన్నరకు సాగదీసి మార్కులు తెచ్చుకున్నాం. డాఫోడిల్ ఎట్లుంటుందో సారూ చూడలేదు, మేమూ చూడలేదు. “పసుపుపచ్చగా ఉంటుంది. తంగేడు పువ్వనుకోండి, సరిపోతుంది” అన్నారాయన. నేను నిజంగానే అట్లా అనుకున్నాను. అప్పట్నుంచీ ఆ పద్యం గుర్తొస్తే నాకు కనిపించేది ఇంగ్లండు కాదు, మా ఊరి గుట్ట కింది తంగేడు పొదలు.

మొన్నామధ్య మా అమ్మాయికి ఆ పద్యం చెప్పాల్సివచ్చింది. నా పాత రెండు ముక్కలే చెప్పబోయాను. అది మధ్యలోనే ఆపింది. “అంత దూరం ఒక్కడే ఎందుకెళ్లాడు నాన్నా?” జవాబు తెలియలేదు. ఆ రాత్రి కూర్చుని వెతికి చదివాను. చదివేకొద్దీ సిగ్గేసింది. ఇన్నేళ్లూ నేను చెప్పుకున్నదాంట్లో సగం తప్పు.

ఆయన ఒక్కడే వెళ్లలేదు. 1802 ఏప్రిల్ 15న అన్నాచెల్లెళ్లు ఇద్దరూ, విలియం, డొరొతీ, స్నేహితుల ఇంటి నుంచి గ్రాస్‌మియర్‌లోని తమ ఇంటికి నడిచి వస్తున్నారు. దారిలో అల్స్‌వాటర్ అనే పెద్ద సరస్సు. ఆయనకు అప్పుడే 32 నిండాయి, ఆమెకు 30. పొద్దున్నుంచీ మబ్బు, ఒకటే ఈదురుగాలి. గౌబరో పార్క్ దాటాక నీళ్ల ఒడ్డున ముందు నాలుగైదు పూలు కనిపించాయి. నడిచేకొద్దీ ఇంకొన్ని. ఆ తర్వాత చెట్ల కింద, ఒడ్డు పొడుగునా, రోడ్డంత వెడల్పున ఒకటే పసుపు.

ఇదంతా పద్యంలో కాదు, డొరొతీ డైరీలో ఉంది. కొన్ని పూలు అలసిపోయినట్టు రాళ్ల మీద తల వాల్చాయట. మిగిలినవి గాలికి ఊగుతూ, నవ్వుతూ ఆడుతున్నాయట. ఆమె బతికుండగా ఆ డైరీ అచ్చు కాలేదు. అన్న మాత్రం ఆ పూల మీద వెంటనే ఏమీ రాయలేదు. రెండేళ్లు ఊరుకుని 1804లో రాశాడు. 1807లో పుస్తకంలో వేశాడు. అక్కడితోనూ వదల్లేదు, 1815లో మాటలు మార్చి ఇంకో చరణం కలిపాడు. చూసిన పదమూడేళ్లకు కూడా ఆ పూలు ఆయనకు పాతబడలేదన్నమాట.

మా సారు చెప్పని ఇంకో విషయం ఉంది. పద్యంలో చివరి చరణం దాకా అంతా జరిగిపోయిన కాలం. చివరి చరణానికి వచ్చేసరికి వర్తమానంలోకి మారుతుంది. ఇంట్లో ఏమీ తోచక వాలి ఉన్నప్పుడు ఆ పూలు మళ్లీ మనసులో కనిపించి గుండె నిండుతుందంటాడు. చూస్తున్నప్పుడు తనకు దొరికిన సంపద ఏమిటో తెలియలేదనీ ఒప్పుకుంటాడు. అంటే ఈ పద్యంలో అసలు ఆనందం సరస్సు ఒడ్డున లేదు, ఇంట్లో ఉంది. పూలు వాడిపోయిన ఎన్నాళ్లకో వచ్చిన ఆనందం అది. కవిత్వం పుట్టేది అనుభవం వేడిలో కాదు, ప్రశాంతంగా గుర్తుచేసుకున్నప్పుడని అంతకుముందే, 1800లో, ‘లిరికల్ బాలడ్స్’ ముందుమాటలో ఆయన రాసుకున్నాడు. ఇక్కడ చేసి చూపించాడు.

ఇంకో తమాషా. ఆ చివరి చరణంలో, లోపలి కన్ను గురించిన రెండు పంక్తులున్నాయి. పద్యానికి ప్రాణం అవే. అవి ఆయనవి కావు, భార్య మేరీవి. పద్యం మొత్తంలో మంచి పంక్తులు అవేనని ఆయనే చెప్పాడు. చూడటంలో చెల్లెలు తోడు, రాయడంలో భార్య తోడు. అయినా పద్యంలో మిగిలింది ఒంటరి మనిషే.

అక్కడ పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఎందుకంటే నా తంగేడు పొదల దగ్గరా నేను ఒక్కణ్నే ఉంటాను. నాకప్పుడు ఆరేళ్లు. బతుకమ్మ పండగ. గుట్ట కింద నడుమెత్తు తంగేడు, పైన ఎండ. ఆఫీసులో తల వేడెక్కినా, ఆస్పత్రి వరండాలో నాన్న కోసం కూర్చున్నా కళ్లు మూసుకుంటే వచ్చేది ఆ పసుపే. కానీ ఆరేళ్ల పిల్లాణ్ని గుట్ట దగ్గరికి ఒక్కణ్నే ఎవరు పంపిస్తారు?

మా అక్కే తీసుకెళ్లి ఉండాలి. నాన్న పోయాక పొలం పంపకాల్లో మాటా మాటా పెరిగి, రెండేళ్లుగా అక్కకూ నాకూ మాటల్లేవు. ఆ రెండేళ్లలో ఆమెను ఎన్నిచోట్ల నుంచి తీసేశానో నాకే తెలియదు.

మర్నాడు ఫోన్ చేశాను. ఎత్తుతుందో లేదో అనుకున్నాను. ఎత్తింది. ఏం మాట్లాడాలో తెలియక, “అక్కా, గుట్ట కాడ తంగేడు పూలకు పోయినం, యాదికుందా?” అన్నాను.

కాసేపు చప్పుడు లేదు. తర్వాత, “యాదికి లేకేంది తమ్మీ? చెప్పులు లేకుంట వచ్చినవు. కాళ్ల ముల్లు ఇరిగింది. నిన్ను సంకనేసుకుని, పూల మూట నెత్తిన పెట్టుకుని ఇంటిదాంక నడిచిన. నా నడుము ఇరిగింది” అంది.

నాకు ముల్లు గుర్తే లేదు. పూలే గుర్తున్నాయి. ముల్లూ బరువూ ఆమె దగ్గర ఉండిపోయాయి.

పొలం మాట ఇద్దరం ఎత్తలేదు. అది ఒక్క ఫోన్‌తో తేలేది కాదు. పెట్టేసే ముందు అక్కే అంది: “ఆ గుట్ట కాడ ఇప్పుడు ప్లాట్లు చేసిండ్రు. తంగేడు చెరువవతల దొరుకుతుంది. పండక్కి పిల్లను తోల్కరా, చూపిస్త. చెప్పులేసుకుని రమ్మను.”