చుట్టుదారి

బేత్లెహేం నుండి జెరూసలేం పది కిలోమీటర్లకు మించదు. క్రిస్మస్ పాటలలో మనకు జంటగా వినబడే ఈ రెండు పేర్ల నడుమ ఇప్పుడు ఎనిమిది మీటర్ల ఎత్తైన కాంక్రీటు గోడ నిలిచి ఉన్నది. "ఈ పది కిలోమీటర్లకు ఎంతసేపు పడుతుంది?" అని నేను అడిగితే, నాకు ఆతిథ్యమిచ్చిన గృహస్థు "ఎవరికి?" అన్నాడు. 1967 నుండి సైనికపాలనలో ఉన్న ఆ నేలమీద దూరాలు మనిషిని బట్టి, చేతిలోని పత్రాన్ని బట్టి మారుతాయి.

ఆలివ్ కోతల కాలంలో రైతులకు తోడుగా ఉండడానికి వెళ్ళే విదేశీయులలో ఒకడనై, 2022 అక్టోబరులో నేను వెస్ట్ బ్యాంకు వెళ్ళాను. తోడు అన్నది పెద్ద మాట. చెట్ల క్రింద పట్టలు పరచి, కాయలు దూసి, గోనెలకెత్తడమే మా పని. మమ్ము చూచి సైనికులూ, కొండమీది వలసకాలనీల వారూ కొంచెం వెనుకాడుతారన్నది ఆశ. ఆ కాలనీలకు దగ్గరగా ఉన్న తోటలోనికి యజమాని తలచినప్పుడు పోరాదు. ముందుగా సైన్యం సమ్మతించాలి. ఏడాదిలో కొద్దిరోజులే గడువు. దీనిని వారు 'తన్‌సీక్' అంటారు. ఆ రోజులలో కాయ పచ్చిగా ఉన్నా, పండి రాలిపోయినా, దూసుకోవలసినదే. కాని చెట్టుకు చాకిరీ సంవత్సరం పొడుగునా ఉంటుంది గదా! దున్నడం, కొమ్మలు కత్తిరించడం లేక ఆ తోటలో ముళ్ళపొదలు నడుమెత్తు పెరిగి ఉన్నవి. వాటిని తప్పించుకొంటూ ఒక వృద్ధురాలు నేలరాలిన కాయలను సైతం ఒక్కొక్కటే ఏరుకొన్నది. 2023 అక్టోబరు తరువాత చాలా గ్రామాలకు ఆ కొద్దిరోజుల గడువైనా దక్కలేదు. పంట చెట్లమీదనే ఉండిపోయినది.

హెబ్రాన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అక్కడివారు దానిని అల్-ఖలీల్ అంటారు. ఖలీల్ అనగా స్నేహితుడు. ఆ స్నేహం చరిత్రలో ఎన్నిమార్లు తెగిందో! 1929లో అక్కడ 67 మంది యూదులు హతులైనారు. అనేకులను అరబ్బు కుటుంబాలు తమ ఇళ్ళలో దాచి కాపాడినవి. 1994 ఫిబ్రవరి 25న ఒక వలసకాలనీవాసి ఇబ్రాహీమీ మసీదులో నమాజు చేస్తున్న 29 మందిని కాల్చిచంపాడు. చచ్చినవారు పాలస్తీనీయులు, ఆపైన ఆంక్షలు పడినదీ వారి వీధిమీదనే. 1997 ఒప్పందం ఊరిని రెండు చేసినది. సుమారు ఐదవ వంతు ఇజ్రాయెల్ సైన్యం చేతిలో మిగిలినది. బజారుగా కళకళలాడిన షుహదా వీధిలో ముఖ్యభాగం 2000 నాటి తిరుగుబాటు తరువాత పాలస్తీనీయుల కాలినడకకైనా లేకుండా పోయినది. కొన్ని ఇళ్ళ వీధి తలుపులను వెల్డింగు చేసి మూసివేశారు. ఆ ఇళ్ళవారు నిచ్చెనలెక్కి, పొరుగువారి మిద్దెలమీదుగా తమ ఇల్లు చేరుతారు.

నాకు ఊరు చూపిన ఉపాధ్యాయుడు ఆ వీధిలోనే పుట్టినవాడు. చెక్‌పోస్టుకు కొంచెం ఇవతలనే ఆగి, "ఇక మీరు వెళ్ళండి. నేను చుట్టు తిరిగి వస్తాను. దారిలో మా నాన్నగారి దుకాణం ఉంటుంది, తలుపుకు నీలిరంగు ఇంకా ఉన్నదేమో చూడండి" అన్నాడు.

సైనికునికి ఇరవై ఏళ్ళు నిండి ఉండవు. నా పాస్‌పోర్టు చూడగానే ముఖం విప్పారినది. కొలువు ముగియగానే హిమాలయాలకు వస్తానన్నాడు. అక్కడి యువకులలో అది పరిపాటి. అతని మీద నాకు కోపం రాలేదు. రాకపోవడమే నన్ను బాధించినది.

వీధి దాటడానికి పది నిమిషాలైనా పట్టలేదు. రెండు వారాల అతిథిని, నడిచిపోయాను. మూతబడిన తలుపుల వరుసలో ఒకదానికి అడుగుభాగాన చేయి వెడల్పున నీలం మిగిలి ఉన్నది.

అవతల ఆయన కోసం నలభై నిమిషాలు నిలబడ్డాను. చెమటతో వచ్చాడు. నీలం ఉన్నదని చెప్పాను.

"ఎంత మేర?"

చేతితో చూపాను. ఆయన నా చేయి వంక కొంతసేపు చూచి, రంగు వేసిన నాడు తానే డబ్బా పట్టుకొన్నానన్నాడు. తరువాత పాత బజారుకు నడిచాము. పై మేడలనుండి వలసకాలనీవాసులు విసిరే చెత్త నెత్తిన పడకుండా అక్కడ ఇనుపవల కప్పి ఉన్నది. అందులో సీసాలు, ఇటుకముక్కలు చిక్కుకొని ఉన్నవి. దాని క్రింద నిలబడి ఆయన వంకాయలు బేరమాడసాగాడు.